పేరిశెట్టి కట్టించిన ఏడు ఇళ్ళు

అనగనగా సముద్రపు ఒడ్డున ఒక పట్టణం. దాని పేరు మొగలిరేవు. ఆ పట్టణానికీ ఒక రాజు ఉన్నాడు గాని, ఈ కథలో ఆయన చేసిన పని ఒక్కటే. కొత్త రేవు కట్టించి దేశదేశాల ఓడలను రమ్మన్నాడు. అక్కడితో ఆయన వంతు అయిపోయింది. మిగతాదంతా ఒక శెట్టిగారి కడుపుమంట చేసింది.

ఓడలవాళ్ళు వచ్చారు. మాకు నూలు బట్టలు కావాలన్నారు. ఆ కబురు విని ఊరూరి నుంచి నేతగాళ్ళు బయలుదేరారు. వాళ్ళ వెనుక అద్దకం పనివాళ్ళు, వాళ్ళ వెనుక వడ్రంగులు, బండ్లవాళ్ళు. మూడేళ్ళు తిరిగేసరికి పట్టణం రెండింతలైంది. తల దాచుకునే చోటు దొరకడమే గగనమైంది. పశువుల పాక ఉన్నవాడు పశువులను బయట కట్టేసి, పాక అలికి, మనుషులకు అద్దెకిచ్చాడు.

ఆ పట్టణంలో పేరిశెట్టి మిరియాల వ్యాపారి. అతనికి మేడ ఉంది, అంగడి ఉంది, ఎవరూ అడగకపోయినా సలహా చెప్పే అలవాటు ఉంది. అతని అంగడి చూరు కింద మాచమ్మ అనే ఆవిడ ఇరవై ఏళ్ళుగా మజ్జిగ అమ్ముకుంటోంది. నా నీడలో కూర్చున్నావు గనుక అని శెట్టి రోజూ ఒక ముంతెడు మజ్జిగ ఊరికే తాగేవాడు. ఆమె కూడా ఏమీ అనకుండా పోసేది.

ఒకనాడు ఆ మాచమ్మ వెళ్ళి, ఉత్తరపు కోటగోడ అవతల తుమ్మ తుప్పలు మొలిచిన నేల ఒక ముక్క కొన్నది. శెట్టికి నవ్వు ఆగలేదు.

"మాచమ్మా, ఆ పక్కకు మేకలు కూడా పోవు గదా. చేతిలో ఉన్న డబ్బు తుప్పల్లో పోస్తావా?"

"కొత్త బాట అటే వేస్తున్నారంట శెట్టిగారూ. బాట పనివాళ్ళు మజ్జిగ తాగుతూ అనుకుంటుంటే విన్నాను."

శెట్టి కూడా ఆ పనివాళ్ళను రోజూ చూస్తూనే ఉన్నాడు. చూడటమే గాని, వాళ్ళ మాట వినాలని ఎన్నడూ అనిపించలేదు.

మాచమ్మ తన దగ్గర మిగిలినదాంట్లో సగం పెట్టి రెండే రెండు ఇళ్ళు కట్టించింది. మట్టి గోడలు, పెంకుల కప్పు, పేడతో అలికిన మట్టి నేల. తక్కిన సగం, వానాకాలంలో కప్పు కారితే బాగు చేయించడానికి దాచుకుంది. తలుపులు బిగించకముందే రెండింట్లోనూ నేతగాళ్ళు దిగి పాలు పొంగించుకున్నారు. ఏడాది తిరిగేసరికి ఆ అద్దెల మీద మూడో ఇల్లు లేచింది. ఆ తరువాత నాలుగోది. అలా అలా ఆరు ఇళ్ళు ఒక వరుస అయ్యాయి. కొత్త బాట కూడా సరిగ్గా ఆ వరుస పక్కనుంచే వెళ్ళింది.

మాచమ్మ మజ్జిగ అమ్మడం మానేసింది. ఒక పొద్దున, తన ఇళ్ళలో నేసిన ఎర్ర అంచు చీర కట్టుకుని శెట్టి అంగడి ముందు నుంచి వెళుతూ ఆగింది. "ఎండ ముదిరింది శెట్టిగారూ, మజ్జిగ తాగాలనిపిస్తే మా ఇంటికి రండి" అని పిలిచి వెళ్ళింది. మంచి మనసుతోనే పిలిచింది. శెట్టికి మాత్రం ఎవరో నలుగురిలో నెత్తిన మొట్టినట్టు అయింది.

ఆ పూట అతనికి అన్నం సహించలేదు. భార్య నాంచారమ్మ అజీర్ణమనుకుని జీలకర్ర కషాయం కాచి ఇచ్చింది. పిల్లలూ, అది అజీర్ణం కాదు, అసూయ. దానికి కషాయం లేదు.

మర్నాటి నుంచి శెట్టికి కొత్త అలవాటు పట్టుకుంది. పళ్ళు తోముకోవడం కూడా మానేసి మేడ ఎక్కేవాడు. ఉత్తరం దిక్కున మాచమ్మ ఇళ్ళ కప్పుల మీద వంటపొగ లేస్తుంటే లెక్కపెట్టేవాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు. రోజూ ఆరే ఉంటాయని తెలుసు. అయినా లెక్కపెట్టకపోతే తోచేది కాదు, లెక్కపెడితే నిలవనిచ్చేది కాదు.

"ఆమెకు ఆరు ఇళ్ళు. నాకెన్ని?" అన్నాడొకనాడు కిందికి వచ్చి.

"మీకు ఒకటే. అందులో నేనున్నాను. కంగారు పడకుండా చద్దన్నం తినండి" అన్నది నాంచారమ్మ.

శెట్టి తినలేదు. గోదాములో ఉన్న మిరియాలన్నీ వచ్చిన ధరకు అమ్మేశాడు. మాచమ్మ వరుసకు ఎదురుగానే నేల కొని, ఏడు ఇళ్ళు కట్టించాడు. ఏడు ఎందుకంటే, ఆరు కంటే ఒకటి ఎక్కువ. అంతకు మించి కారణం లేదు. గోడలు రాతివి, తలుపులకు చిలకలు చెక్కించాడు, నేలంతా అద్దంలా మెరిసే నాపరాళ్ళు పరిపించాడు. మాచమ్మ మట్టినేల చూసి ఎవరుంటారు ఇక, అని మీసం దువ్వుకున్నాడు.

నేతగాళ్ళు వచ్చారు. నాపరాళ్ళు నిమిరి చూశారు, చిలకలను మెచ్చుకున్నారు, చల్లగా ఉందని కాసేపు కూర్చున్నారు. తరువాత లేచి దణ్ణం పెట్టి వెళ్ళిపోయారు. ఒక్కరూ దిగలేదు.

ఎందుకంటే, నేతగాడి మగ్గానికి నేలలో గుంట కావాలి. ఆ గుంటలో కాళ్ళు దించి, నేల మీద కూర్చుని నేస్తాడు. మట్టిలో చెమ్మ ఉంటే నూలు తెగదు. నాపరాతిలో గుంట ఎవరు తవ్వుతారు? ఈ మాట మాచమ్మ ఇంట్లో ఉండే పెద్ద నేతగాడు మార్కండయ్యను అడిగితే చిటికెలో చెప్పేవాడు. శెట్టి అడగలేదు. అడిగితే మాచమ్మ దగ్గర ఓడిపోయినట్టవుతుందని అతని భయం. ఆవిడే తన ఇళ్ళ గురించి ఏదో చెడుగా చెప్పి ఉంటుందని తీర్మానించుకున్నాడు.

రెండోసారి శెట్టి అద్దె తగ్గించాడు. మాచమ్మ తీసుకునేదాంట్లో సగానికే ఇస్తానని దండోరా వేయించాడు. నేతగాళ్ళు రాలేదు గాని, ఓడ దిగిన గుర్రాల బేరగాళ్ళు వచ్చారు. ఎవరు మీరు, ఎన్నాళ్ళుంటారు అని ఒక్క మాట అడగకుండా శెట్టి ఏడు ఇళ్ళూ వాళ్ళకిచ్చేశాడు. ఏడు ఇళ్ళూ నిండాయి గదా, మాచమ్మ చూస్తోంది గదా, అదే అతని సంతోషం.

బేరగాళ్ళు తాము బయట పడుకుని, గుర్రాలను లోపల కట్టారు. గుర్రాలకు చిలకల తలుపులు నచ్చలేదు. వారం తిరిగేసరికి తలుపులు పుల్లలయ్యాయి, నాపరాళ్ళు బీటలు వారాయి. బేరం కుదరగానే వాళ్ళు అద్దె కూడా ఇవ్వకుండా గుర్రాలను తోలుకుని చక్కా పోయారు. శెట్టికి ఏడు ఇళ్ళ నిండా లద్దె మిగిలింది.

ఈ దెబ్బకైనా బుద్ధి రావాలి. కానీ ఎదురుగా ఆ ఆరు పొగలు లేస్తూనే ఉన్నాయి. వాటిని చూస్తే అతనికి తన నష్టం కంటే ఆమె లాభమే ఎక్కువ నొప్పిగా ఉండేది.

మూడోసారి అతని కన్ను రెండు వరుసల నడుమ ఉన్న ఖాళీ జాగా మీద పడింది. రోజూ పొద్దున్నే, ఎండ ఎక్కకముందు, నేతగాళ్ళు అక్కడ పడుగు, అంటే బట్టకు నిలువు నూలు, పొడుగునా చాపి గంజి పెట్టుకునేవాళ్ళు. ఆ పని జరగందే మగ్గం ఎక్కించడానికి నూలు ఉండదు. ఆ జాగా రాజుగారిదని, అడిగినవారికి అమ్ముతారని తెలిసింది. శెట్టి అంగడి అమ్మి ఆ జాగా కొన్నాడు. చుట్టూ ముళ్ళకంప కొట్టించాడు.

"ఇక పడుగులు ఆకాశంలో చాపుకోమను" అన్నాడు.

ఈసారి దెబ్బ తగిలింది. సముద్రం మీద గాలి తిరిగితే ఓడలు వెళ్ళిపోతాయి, ఆలోగా బట్టలు ఓడకెక్కాలి. ఎక్కకపోతే నేతగాళ్ళకు ఏడాదంతా కూడు లేదు. రెండు కుటుంబాలవాళ్ళు మూటలు కట్టుకుని వెళ్ళిపోయారు. తక్కినవాళ్ళు కూడా పోతే, మాచమ్మ ఇరవై ఏళ్ళ మజ్జిగ డబ్బు మట్టిలో కలిసినట్టే. ఆమెకు వేరే ఆధారమేమీ లేదు.

ఆ మర్నాడు మేడ మీద నుంచి శెట్టి నాలుగే పొగలు లెక్కపెట్టాడు. కిందికి వచ్చి, చాలాకాలానికి, మారు అడిగి వడ్డించుకుని తిన్నాడు.

మాచమ్మ అతని ఇంటికి వచ్చింది. గుమ్మం దగ్గరే నిలబడి అడిగింది.

"శెట్టిగారూ, ఆ జాగా మాకు అద్దెకివ్వండి. పొద్దుటిపూట చాలు. ఎంతంటే అంత ఇస్తాను."

చూడండి పిల్లలూ. ఏడు ఇళ్ళు కట్టి, గుర్రాలను మేపి, ఒక్క అద్దె కళ్ళజూడనివాడికి ఇప్పుడు అద్దె తనంతట తాను నడిచి గుమ్మంలోకి వచ్చింది.

"ఇవ్వను" అన్నాడు శెట్టి.

"మీకు వచ్చే రాబడి గదా."

"నాకు రాకపోయినా సరే. నీకు రాకూడదు."

తలుపు వెనుక ఉన్న నాంచారమ్మ ఆ మాట విని, చేతిలో ఉన్న గరిటె కింద పెట్టింది. అంతవరకు ఆమె తన భర్తకు వ్యాపారం చేతకాదని మాత్రమే అనుకుంటోంది.

మాచమ్మ నెమ్మదిగా, "అట్లాగైతే నా నేల కూడా మీరే కొనుక్కోండి. నేలా గోడలూ మీవి. తలుపులు, వాసాలు, పెంకులు నావి. కొన్నదానికి మూడింతలు ఇప్పించండి" అన్నది.

మిరియాల బేరంలో చిటికెడు కోసం ఒక పూటంతా వాదించే శెట్టి, ఆ వేళ ఒక్క మాట బేరమాడలేదు. మాచమ్మ ఆ వీధిలో ఉండదన్న సంతోషంలో అతని చెవులకు ధర వినపడనే లేదు. మార్కండయ్యను సాక్షిగా పెట్టుకుని రాసుకున్నారు. డబ్బు చాలక శెట్టి తన మేడ కూడా అమ్మేశాడు.

మూడు రోజుల పాటు బండ్లు తిరిగాయి. నేతగాళ్ళు తామే కప్పులెక్కి పెంకులు దించారు, వాసాలు ఊడదీశారు. కప్పు కారిందని వాళ్ళు చెప్పకముందే నిచ్చెన వేయించిన మనిషికి వాళ్ళు ఆ పని ఊరికే చేశారు. కొత్త బాట వెంబడి రెండు కోసుల అవతల నేల చవగ్గా ఉంది. మాచమ్మ ఈసారి ఇళ్ళ జాగా కంటే ముందు పడుగు చాపే జాగా కొన్నది. గోడలు లేచేదాకా నేతగాళ్ళు పందిళ్ళ కింద మగ్గాలు పెట్టుకుని నేసి, గాలి తిరిగేలోగా బట్టలు ఓడకెక్కించారు. వెళ్ళిపోయిన రెండు కుటుంబాలూ తిరిగి వచ్చాయి. వానలు పడేనాటికి అక్కడ పన్నెండు ఇళ్ళు లేచాయి.

ఇక్కడ శెట్టి తన ఏడు ఇళ్ళలో ఒకదాన్ని కడిగించుకుని కాపురం పెట్టాడు. మొదటి వారం వీధంతా తనదే అని చేతులు వెనక్కు కట్టుకుని తిరిగాడు. ఎదురుగా కప్పు లేని మట్టి గోడలు వానకు కరిగి కూలుతుంటే కుర్చీ వేసుకుని చూశాడు. ఆ వీధిలోకి ఇల్లు అడగడానికి ఎవరూ రాలేదు. మనుషులే లేని చోట ఎవరు కాపురముంటారు? కూరగాయల బండి కూడా ఆ మలుపు తిరగడం మానేసింది.

ఒక పొద్దున నాంచారమ్మ బట్టలు మూట కట్టింది.

"చిటికెడు ఉప్పు బదులు అడగడానికి మనిషి లేని వీధిలో నేనుండలేను. మాచమ్మ దగ్గర ఒక ఇల్లు అద్దెకు తీసుకుంటాను. రావాలనుంటే మీరూ రండి."

"ఏడు ఇళ్ళవాడి పెళ్ళానివి, అద్దె ఇంటికి పోతావా?"

"ఏడు ఇళ్ళలో ఒక్కటీ ఇల్లు కాలేదు గదండీ" అని ఆమె గుమ్మం దిగింది.

శెట్టి కోపంగా కూర్చున్నాడు. ఆమె మలుపు తిరిగేదాకా కూర్చున్నాడు. తరువాత లేచి, రెండు కోసులూ ఆమె వెనుకే నడిచాడు.

మాచమ్మ కొత్త వీధి మొదట్లో నిలబడి ఉంది. పన్నెండు ఇళ్ళలో పదకొండు నిండిపోయాయి. శెట్టి తల ఎత్తలేకపోయాడు. ఆమె నవ్వుతుందని అనుకున్నాడు. ఆమె చోట తానుంటే నవ్వేవాడే. మాచమ్మ నవ్వలేదు. తన దగ్గరికి ఇల్లు కోసం ఎవరు వచ్చినా మొదట అడిగే మాటే వాళ్ళనూ అడిగింది.

"ఇల్లు చూపించేముందు ఒక మాట చెప్పండి. మీకు ఎలాంటి ఇల్లు కావాలి?"

నాంచారమ్మ తడుముకోకుండా చెప్పింది. "వంటింట్లోకి పొద్దుటి వెలుతురు రావాలి. పక్కింటివాళ్ళ మాట వినపడాలి. అంతే."

"మరి మీకు శెట్టిగారూ?"

శెట్టి నోరు తెరిచాడు. మాచమ్మ ఇళ్ళకు ఎన్ని వాసాలో అతనికి తెలుసు. ఎన్ని పొయ్యిలు వెలుగుతాయో, ఏ ఇంటి నుంచి ముందు పొగ లేస్తుందో తెలుసు. తనకు ఎలాంటి ఇల్లు కావాలో మాత్రం ఎంత వెతికినా మనసులో దొరకలేదు. ఎండలో నిలబడి చాలాసేపు వెతికాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నాకు తెలియదు మాచమ్మా" అన్నాడు.

ఇది అతను తన జన్మలో ఆమెతో చెప్పిన మొదటి నిజం. మాచమ్మ పన్నెండో ఇంటి తలుపు తీసింది.

"పరవాలేదు, లోపలికి రండి. ఉండగా ఉండగా తెలుస్తుంది."

పక్కవాడికి ఏమున్నదో లెక్కపెడుతూ కూర్చున్నవాడు, తనకు ఏం కావాలో ఎన్నటికీ తెలుసుకోలేడు.