సంపెంగ అందించని మాట

"సంపెంగా! ఓ సంపెంగా! ఎక్కడున్నావే? నువ్వు రానిదే ఇక్కడ ఒక్కరి నోటా ఒక్క ముక్క రావట్లేదు!"

ఎలుగు మాస్టారు అరిచిన అరుపుకి చెట్టు మీది ఇప్పపూలు జలజలా రాలిపడ్డాయి.

"వచ్చేశా మాస్టారూ!" అంటూ ఒక గోరింక పిల్ల కొమ్మ మీంచి దిగి, తెర పక్కన వాలింది.

దాని పేరే సంపెంగ. ముక్కు మీదా కళ్ళ చుట్టూ సంపెంగ రేకుల్లాంటి పసుపు ఉండేది కదా, అందుకని వాళ్ళమ్మ ముద్దుగా ఆ పేరు పెట్టుకుంది. అనగనగా అంటే మరీ ఎప్పటి మాటో కాదు పిల్లలూ. జంతువుల పిల్లలు కూడా పలకలు పట్టుకుని బడికి వెళ్ళే కాలంలో, ఇప్పచెట్ల అడవిలో జరిగింది ఈ కథ.

ఆ ఏడు బడి పండక్కి ఎలుగు మాస్టారు ఒక నాటకం వేయిస్తున్నారు. ఎండాకాలంలో ఒక చిన్న మొలక, పైన పోతున్న మబ్బుని ఆగమని పిలుస్తుంది. అదీ నాటకం. మబ్బు వేషం గున్న ఏనుగుది. వాడి పేరు బొండు. తొండం నిండా నీళ్ళు పట్టుకుని నిలబడడమే వాడి పని. మొలక వేషం జింకపిల్ల మువ్వది.

మువ్వని చూస్తే ఎవరికైనా మనసు కరిగిపోయేది. ఆ కళ్ళలో తెల్లారగట్ల మంచు ఉన్నట్టుండేది. ఆకుల లంగా కట్టుకుని స్టేజీ మీద నిలబడితే, నిజంగానే ఇప్పుడే మట్టిలోంచి లేచిన మొలకలా ఉండేది.

మరి సంపెంగ వేషం ఏమిటి? ఏమీ లేదు. ఆ బడిలో ఒక పద్ధతి ఉండేది. నాటకం మొత్తం ఎవరికి కంఠస్థం వస్తుందో వాళ్ళని తెర పక్కన కూర్చోబెట్టేవారు. స్టేజీ మీద వాళ్ళు మాట మర్చిపోతే, పక్కనుంచి మెల్లగా అందించాలి.

"నాకూ మొలక వేషం వెయ్యాలనుంది మాస్టారూ. అన్ని మాటలూ వచ్చు నాకు," అని సంపెంగ మొదటిరోజే అడిగింది.

"అన్నీ వచ్చు కాబట్టే నువ్వు పక్కనుండాలమ్మా. నువ్వు కూడా స్టేజీ ఎక్కితే అందించేదెవరు? ఈ దమ్మన్నా?"

దమ్మన్న అంటే తెర లాగే కొండముచ్చు. "నాకు తెర తాడు ఎటు లాగాలో గుర్తుండదు మాస్టారూ, మాటలా!" అని పళ్ళికిలించాడు. అందరూ నవ్వారు. సంపెంగ కూడా నవ్వింది. కానీ లోపల ఎక్కడో చిన్న ముల్లు దిగింది.

నాటకంలో మొలక మూడుసార్లు మబ్బుని పిలుస్తుంది.

మొదటి పిలుపు, "మబ్బన్నా, దాహమేస్తోంది."

రెండో పిలుపు, "మబ్బన్నా, నా ఆకు వాడిపోతోంది."

మూడో పిలుపుకి ఏం రాయాలో మాస్టారికి తోచలేదు. పెన్సిలు చెవిలో పెట్టుకుని బుర్ర గోక్కుంటుంటే, సంపెంగే చెప్పింది. "మబ్బన్నా, కురవకపోయినా ఫర్వాలేదు. కాసేపాగి నన్ను చూసి పో."

మాస్టారు ఆ మాట గబగబా రాసుకున్నారు. తర్వాత ముక్కు చీదుకుని, మువ్వని పిలిచి, "మువ్వా, ఈ మాట నేర్చుకో," అన్నారు.

ఆ మాట ఎవరిదో ఆయన ఇంకెవరికీ చెప్పలేదు. పనిలో పడి మర్చిపోయారు, అంతే.

మువ్వకి మాత్రం ఆ మాట దగ్గరకి రాగానే గొంతు పట్టేసేది. ప్రతి రిహార్సల్లోనూ అక్కడే ఆగేది. "ఎంత బావుందే సంపెంగా ఆ మాట! అనాలనుకునేసరికి ఏడుపొచ్చేస్తుంది. నువ్వు అక్కడ నాకు అందించాలి సుమా. మర్చిపోకేం?"

"అందిస్తాలేవే," అనేది సంపెంగ.

పండగ సాయంత్రం వచ్చింది. అడవి అడవంతా వచ్చి కూర్చుంది. ముందు వరసలో పెద్దలు. వాళ్ళ మధ్య మువ్వ వాళ్ళమ్మ, గర్వంతో మెడ నిక్కించుకుని.

తెర లేచింది. మువ్వ మొదటి పిలుపు పిలిచింది. జనం మెడలు ముందుకి చాపారు. రెండో పిలుపు పిలిచింది. ఎవరో కళ్ళు తుడుచుకున్నారు. మూడో పిలుపు దగ్గర, అలవాటు ప్రకారం, మువ్వ గొంతు ఆగింది. చెవులు మెల్లగా తెర వైపు తిప్పింది.

సంపెంగ ముక్కు తెరిచింది. అప్పుడే దాని కళ్ళు జనం మీద పడ్డాయి. అన్ని కళ్ళూ మువ్వ మీదే ఉన్నాయి. ఒక్కరంటే ఒక్కరు తెర పక్కకి చూడట్లేదు.

'ఆ మాట నాది. నాదే! ఎందుకివ్వాలి?' అనుకుంది సంపెంగ.

ఒక్క రెప్పపాటే అనుకుంది. కానీ ఆ రెప్పపాటులో ముక్కు మూసుకుపోయింది.

మువ్వ చూసింది. మళ్ళీ చూసింది. చెవులు రెండూ ఆకుల్లా సాగదీసి చూసింది. ఏమీ రాలేదు. అవతల బొండు తొండం నిండా నీళ్ళు బిగబట్టుకుని ఎర్రబడిపోతున్నాడు. ఇంక ఆగలేక పెద్ద తుమ్ము తుమ్మాడు. నీళ్ళన్నీ ముందు వరస పెద్దల మీద పడ్డాయి.

"ఓరి నీ తుమ్ము తగలెయ్యా!" అని ఒకరు. "వాన బాగానే పడిందర్రా!" అని ఇంకొకరు. నవ్వులే నవ్వులు. దమ్మన్న కంగారులో తెర తాడు రెండు వైపులా లాగేశాడు. తెర వచ్చి మువ్వ నెత్తిన పడింది.

సంపెంగ ఎగిరొచ్చి మువ్వ మీంచి తెర లాగింది. ఇప్పుడు తిడుతుంది, ఎందుకు అందించలేదే అని అడుగుతుంది, అనుకుంది.

మువ్వ తిట్టలేదు. "నువ్వు అందించే ఉంటావు సంపెంగా. నాకే వినపడలేదు," అంది. ఆ గొంతులో భయం ఉంది. "ఎంత విన్నా వినపడలేదు. నా చెవులకి ఏమైందే?"

పిల్లలూ, మనకైతే ఒక మాట వినపడకపోతే పోయిందిలే అనుకుంటాం. జింకకి అలా కాదు. పులి అడుగు ఎండుటాకు మీద పడిన చప్పుడు విని పరుగెత్తితేనే జింకకి మర్నాడు ఉంటుంది. చెవుల మీద నమ్మకం పోయిన జింకకి అడవంతా పులే.

మర్నాటి నుంచి మువ్వ ఒంటరిగా మేతకి పోవడం మానేసింది. అమ్మ పొట్ట కింద నక్కి నక్కి నడిచేది. నీళ్ళు తాగుతూ తాగుతూ ఉలిక్కిపడి పరుగెత్తేది.

సంపెంగ చూస్తూ ఊరుకోలేకపోయింది. రేగుపళ్ళు తీసుకుని వెళ్ళింది. చెప్పేద్దామనుకుంది. మువ్వ ఆ పళ్ళు చూసి, "నేను మన నాటకం పాడుచేసినా నాకు పళ్ళు తెచ్చావా!" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఇంక సంపెంగకి నోరు రాలేదు.

మళ్ళీ వెళ్ళింది. "ఆ రోజు గాలి ఎక్కువగా ఉందే, అందుకే వినపడలేదు," అంది.

మువ్వ తల అడ్డంగా ఊపింది. "లేదు. ఆ సాయంత్రం ఆకు కూడా కదల్లేదు."

ఇక లాభం లేదని మాస్టారి దగ్గరకి వెళ్ళింది. "మాస్టారూ, మీకో మాట చెప్పాలి," అని మొదలుపెట్టింది.

"నేనే నీకో మాట చెప్పాలి, ఉండు!" అన్నారు మాస్టారు సంబరంగా. "కొండవతల బడివాళ్ళు ఆ మొదటి రెండు పిలుపులకే ముచ్చటపడి, మన నాటకం అక్కడ కూడా వెయ్యమన్నారు. మువ్వ చేసేట్టు లేదు. మొలక వేషం నువ్వే వెయ్యాలి. వేస్తావా?"

ఎన్ని కలలు కన్నదో ఆ మాట కోసం! రాత్రిళ్ళు రెక్క కింద తల పెట్టుకుని ఆకుల లంగా కట్టుకున్నట్టు, అందరూ తననే చూస్తున్నట్టు ఊహించుకునేది. చెప్పాలనుకున్నది గొంతులోనే ఉండిపోయింది. "వేస్తాను మాస్టారూ," అంది.

కొత్త రిహార్సల్ రోజు. సంపెంగకి ఆకుల లంగా కట్టారు. మువ్వ కొలతకి కుట్టింది కదా, దాని కాళ్ళకి అడ్డం పడుతోంది. "ఒసేయ్, మొలక అంటే నేలలోంచి రావాలి, నేల మీద పడకూడదు!" అని దమ్మన్న ఆటపట్టించాడు. అప్పుడే మువ్వ వాళ్ళమ్మ వచ్చింది. పక్కనే, ఒళ్ళంతా ఆమెకి ఆనించుకుని మువ్వ.

"మాస్టారూ, పిల్లని బడి మానిపిస్తున్నాను," అంది తల్లిజింక. "మేం ఈ అడవి వదిలి రాళ్ళగుట్టకి పోతున్నాం. అక్కడ మేత లేదు, నీడ లేదు. కానీ పులి కూడా రాదు. మెల్లని చప్పుడు అందకుండా చెవులు పోయిన పిల్లని పెట్టుకుని ఇక్కడ ఎలా ఉండమంటారు?"



మువ్వ సంపెంగ దగ్గరకి వచ్చింది. లంగా నేల మీద పడకుండా మూతితో పైకి సర్దింది. "నీకు బావుందే," అంది. "మూడో పిలుపు బాగా పిలువు. నేనే నీకు అందిద్దును, కానీ మధ్యలో పిలుపు ఆగితే ఈ చెవులతో నాకు తెలియాలి కదా. తెలియదు."

అందరికీ మాటలందించే సంపెంగకి ఆ క్షణాన తన మాట దొరకలేదు. తల్లీపిల్లా వెనక్కి తిరిగారు. అడుగులు వేస్తున్నారు. ఇప్ప తోపు దాటితే ఇక కనపడరు.

"పిన్నీ!" అని అరిచింది సంపెంగ. "పిన్నీ, ఆగు! వెళ్ళకండి!"

తల్లిజింక ఆగింది. దమ్మన్న తాడు వదిలేశాడు. ఇప్పుడు అందరి కళ్ళూ సంపెంగ మీదే ఉన్నాయి, అది ఇన్నాళ్ళూ కోరుకున్నట్టే.

"దాని చెవులు పోలేదు పిన్నీ. బాగానే ఉన్నాయి," అంది. "నేనే అందించలేదు. మర్చిపోయి కాదు. కావాలనే ఊరుకున్నాను. అందరూ మువ్వనే చూస్తున్నారని ఉడుక్కున్నాను."

మువ్వ చెవులు మెల్లగా లేచి నిలబడ్డాయి.

"నీకు ఏమీ వినపడలేదన్నావు చూడు," అంది సంపెంగ, ఈసారి గట్టిగా, అడవంతా వినేలా. "నువ్వు సరిగ్గానే విన్నావు మువ్వా. అక్కడ మాటే లేదు. నేను పలకలేదు."

నీతి: మనం దాచుకున్న తప్పు మన దగ్గరే ఉండిపోదు. ఏ పాపం తెలియని వాళ్ళు అది తమదే అనుకుని మోస్తూ ఉంటారు. అందుకే ఎంత కష్టమైనా, తప్పు చేసినవాళ్ళే నోరు విప్పి చెప్పెయ్యాలి.