కలవని గుల్ల

మా మామగారు విశ్వపతిగారు ఎవరేమడిగినా వెంటనే జవాబు చెప్పేవారు కాదు. కాసేపు మీసం సవరించుకుని, "రా, ఒకటి చూపిస్తాను" అనేవారు. కర్నూలు కాలేజీలో భూగర్భశాస్త్రం బోధించేవారు. మా వసారా నిండా రాయిగా మారిన గుల్లలూ, ఆల్చిప్పలూ ఉండేవి. మనిషి పుట్టకముందు ఏ సముద్రం ఎక్కడ ఉండేదో, దేనితో కలిసేదో అవే చెబుతాయనేవారు. శుక్రవారం ఇల్లు కడిగేటప్పుడు వాటి మీద నీళ్లు పడకుండా చూడటం, కొత్తకోడలిగా ఆ ఇంట్లో నాకు అప్పగించిన మొదటి పని. ఇప్పుడా వసారా లేదు, ఆ పెద్దవాళ్లూ లేరు.

ఆయన శిష్యుడు జిలానీ ఏళ్ల తరబడి గోదావరి వైపు రాతి గనుల్లో తిరిగి గుల్లలు ఏరుకొచ్చాడు. ఆ కాలంలో తూర్పు సముద్రానికీ పడమటి సముద్రానికీ నడుమ ఎక్కడా తెగని నేల ఉండేదని పీహెచ్‌డీకి సిద్ధాంత గ్రంథం రాసి, పటం గీశాడు. తీరా సమర్పించబోయే ముందు ఒక గుల్ల బయటపడింది. జాతి పడమటిది, దొరికింది తూర్పున.

"అలల్లో కొట్టుకొచ్చిందేమో మాస్టారూ."

"రెండు చిప్పలూ మూసుకునే ఉన్నాయి కదయ్యా. కొట్టుకొచ్చి ఉంటే ఎప్పుడో విడిపోయేవి. ఇది అక్కడే బతికింది."

జిలానీ ముఖం వాడిపోయింది. "ఇన్ని గుల్లలు ఒక మాట చెబుతుంటే ఇదొక్కటే అడ్డం తిరిగింది. పక్కన పెట్టేస్తే తప్పా మాస్టారూ? ఉంచితే ఆ నేల ఎక్కడో తెగి రెండు సముద్రాలూ కలిసినట్టే, నా పటం చింపేయాలి. మా నాయన అప్పుడే వీధంతా చెప్పుకున్నాడు, కొడుకు సూది వేయని డాక్టరు అవుతున్నాడని."

"రా" అని మామగారు అతన్ని వంటింటి గుమ్మం దాకా తీసుకొచ్చారు.

నేను పప్పులో ఉప్పు వేసి మూత పెడుతున్నాను. అత్తగారు చారుకు ఎసరు పెట్టబోతూ, చెంబులోని నీళ్లు కాసిని అరచేతిలో పోసుకుని నాలుకకు తాకించి చూశారు. చెయ్యి కడుక్కుని, ఆలోచించి, అప్పుడు ఉప్పు తీశారు.

"గురుశిష్యులకు అప్పుడే ఆకలా?" అన్నారు తిరిగి చూసి.

"ఆ నీళ్లెందుకే రుచి చూశావు?"

"బాగుంది! నైవేద్యం కాకుండా చారు రుచి చూడకూడదు కదా. నీళ్లలో ఉప్పెంతుందో తెలియకుండా ఎంతని వేయను?"

"తుంగభద్ర నీళ్లలో ఉప్పెక్కడిదమ్మా?" అన్నాడు జిలానీ.

అత్తగారి చెయ్యి ఉప్పుజాడీ దగ్గర ఆగిపోయింది. అన్నేళ్లుగా ఆవిడ పక్కన వండుతున్నా, ఆ మాట అడగాలని నాకెప్పుడూ తోచలేదు.

"మా ఊరి బావిలో ఉండేది నాయనా" అన్నారు మెల్లగా. "సముద్రం మా పెరటి గోడ దాకా వచ్చేది. మా అమ్మ ఇలాగే చూసేది. తర్వాత ఆ ఊరినే సముద్రం తీసుకుపోయింది, తల్లీ." చివరి మాట ఎందుకో నాకేసి చూసి అన్నారు.

జిలానీ గుప్పిట తెరిచి తన గుల్లను చూసుకున్నాడు.

"కానీ నా పటంలో దీనికి దారే లేదు మాస్టారూ" అన్నాడు.

మామగారు అతని భుజం మీద చెయ్యి వేశారు. "ఆ ఉప్పు సంగతి అడిగినట్టే దీన్నీ అడుగు. ఇంటికొచ్చిన మనిషిని ముందు ఏ దారిన వచ్చావనే కదయ్యా అడుగుతాం" అన్నారు.