దారం తెలియని పెదవి

డాక్టర్ పానకాలరావు గారు దవడ జబ్బులు చూడటంలో పేరున్న మనిషి. ఎవరు వచ్చినా ఎక్స్‌రే అవతల పెట్టి, ముందు "ఏం పని చేస్తారు?" అని అడగడం ఆయన అలవాటు. శిష్యులకు అదో చాదస్తంగా కనిపించేది. వాళ్లలో నీలవేణి మరీ తొందరమనిషి.

ఒక ఉదయం ఆమె కాస్త విసుగ్గానే అడిగింది. "సార్, జైతూన్‌బీ దవడలోంచి రెండుసార్లు ముక్క తీసి పరీక్షకు పంపాను. రెండుసార్లూ క్యాన్సర్ లేదనే వచ్చింది. ఇంకా ఎన్నాళ్లు అనుమానించాలి?"

జైతూన్‌బీ బట్టలు కుట్టి బతికే మనిషి. ఎడమ దవడ వాచి పళ్లు కదులుతుంటే, చీము పట్టిందనుకుని ఊళ్లో రెండు పళ్లు పీకారు. వాపు తగ్గకపోగా పెరిగింది. ఇక్కడికొచ్చాక నీలవేణి కూడా ఆ పంటి గుంటలోంచే, చేతికి అందినంత మేర ముక్క తీసింది. మానుతున్న పుండు అని రిపోర్టు వచ్చింది. ఇక ఇంటికి పంపేద్దామని మందుల చీటీ కూడా రాసిచ్చేసింది.

గురువు గారు జైతూన్‌బీని పిలిపించి, సూదీ దారం ఇచ్చి ఎక్కించమన్నారు. ఆమె దారం కొసను పెదవుల మధ్య, కుడివైపున పెట్టుకుని తడిపింది. ఎప్పుడూ ఇటేనా అని ఆయన అడిగారు.

"కాదు సార్. ఎడం పక్కే అలవాటు. రెండు నెలల్నుంచి అటు కింది పెదవికి దారం తగిలేది తెలవట్లా," అందామె. ఇంత చిన్న సంగతి డాక్టర్లకు చెప్పడమేమిటని ఊరుకుందట.

నీలవేణికి తల ఎత్తబుద్ధి కాలేదు. దవడ ఎముకలోంచి వచ్చే నరమే కింది పెదవికి స్పర్శనిస్తుందని ఆమె పరీక్షల్లో ఎన్నిసార్లు రాసిందో. అది మొద్దుబారిందంటే గొడవ లోతున ఉందన్నమాట.

మూడోసారి కొయ్యాలంటే పేషెంటు ఒప్పుకోదేమోనని ఆమెకు భయం వేసింది. జైతూన్‌బీ మందుల చీటీ మడిచి ఆమె చేతిలోనే పెట్టింది.

"కొయ్యండమ్మా. ఇదేందో తేలందే నేను ఇంటికి పోను."

ఈసారి ఎముక లోపలి నుంచి ముక్క తీశారు. ఎముక క్యాన్సరేనని తేలింది. ఆపరేషన్‌కు సమయం ఇంకా మించిపోలేదు.

అయితే మొదటి రెండు రిపోర్టులూ అబద్ధమేనా అని నీలవేణి గురువు గారిని అడిగింది.

"లేదమ్మా. నువ్వు తవ్విన చోటి సంగతి అవి నిజమే చెప్పాయి," అన్నారాయన.

ఆమె తర్వాతి పేషెంటు ఎక్స్‌రే తీసి వెలుతురుకు ఎత్తబోయింది.

"అదెక్కడికీ పోదులే. ముందు ఆయన చేసే పనేమిటో కనుక్కో."