కన్నుతెడ్డు తీర్థం

పూర్వం శ్యామగిరి సానువుల నడుమ ఒక కోనలో నాగోజు అనే దారుశిల్పి నివసించేవాడు. కొండగుహలో వెలసిన ఆకలమ్మ తల్లి వంటశాలకు తెడ్లూ గరిటెలూ చెక్కి ఇవ్వడం అతని వంశాచారం. వరుసగా మూడేళ్లు అనావృష్టి వచ్చి ఊటలన్నీ ఇంకిపోయినప్పుడు, జనం కూటికోసం పల్లపు సీమలకు వలసపోయారు. అతని ఇల్లాలు అక్కమాంబ కూడా చుట్టాలతో కలిసి బయలుదేరుతూ, "తల్లి పొయ్యి ఆరిపోకూడదు, మీరు ఉండండి. నాలుగు గింజలు సంపాదించుకుని నెల తిరిగేలోగా వస్తాను" అని చెప్పి వెళ్లింది. నెల తిరిగింది, ఏడాది తిరిగింది, ఆమె రాలేదు.

ఆమె పెరట్లో పెంచిన పనసచెట్టు నీరులేక నిలువునా ఎండిపోయింది. దానిని పొయ్యిలో పెట్టడానికి మనసొప్పక, నాగోజు ఆ మానుతో తల్లికి ఒక పెద్ద తెడ్డు చెక్కసాగాడు. ఉలి తెడ్డు గుంట నడిమికి చేరేసరికి నల్లని ముడి ఒకటి బయటపడింది. ఎంత సుతారంగా చుట్టూ చెక్కినా ఆ ఎండిన ముడి ఊడిపడి, బొటనవేలు దూరేటంత కన్నం మిగిలింది. మరొక కర్ర అయితే అవతల పారేసేవాడే. దీనిని పారేయలేక, రంపపు పొట్టును లక్కతో కలిపి పూడ్చాడు. వేడి గంజి తగలగానే లక్క కరిగి జారిపోయింది. అదే చెట్టు కొమ్మతో బిరడా చెక్కి బిగించాడు. గంజిలో బాగానే నిలిచినా, తెడ్డు ఆరగానే అది వదులై రాలిపోయింది.

"ఇది తల్లి సేవకు పనికిరాదు, నాగోజూ" అన్నాడు అర్చకుడు జాలిగా.

ఆ మధ్యాహ్నమే ముగ్గుబుట్టలాంటి తలతో ఒక ముదుసలి వచ్చి గుహ ముంగిట చేయి చాచింది. కుండలో మిగిలింది ఒక్క తెడ్డు గంజి. నాగోజు అడుగున అరచేత్తో కన్నం మూసి, చెయ్యి కాలుతున్నా వదలక, ఆ గంజి తెచ్చాడు.

"ఎందుకయ్యా ఇంత అవస్థ? పారేయరాదూ ఆ తెడ్డు!" అన్నది ముదుసలి.

"మా ఇంటిది పెంచిన చెట్టమ్మా. వచ్చి చెట్టేదని అడిగితే చూపించడానికి నాకు ఇదొక్కటే ఉంది" అన్నాడు నాగోజు.

"చెయ్యి తియ్యి నాయనా, బొబ్బలెక్కుతోంది" అంటూ ఆమె అతని అరచేతిని మెల్లగా తొలగించింది. గంజి ధారకట్టి రాతిమీద పడింది. పడినచోట రాయి చెమర్చి, బుగ్గ పుట్టి, చల్లని నీరు పొంగింది. తలెత్తి చూస్తే ముదుసలి లేదు.

నీరు పడిందన్న వార్త విని వలసపోయినవారు గుంపులు గుంపులుగా తిరిగివచ్చారు. నాగోజు బుగ్గ దగ్గర నిలబడి, ఆ తెడ్డుతోనే నీరు ముంచి, వచ్చినవారి దోసిళ్లలోకి కన్నం గుండా ధారగా పోస్తూ, ప్రతి ముఖంలోకీ తేరిపార చూసేవాడు. చివరి గుంపులో వచ్చిన మరదలు మంగమాంబ అతని కాళ్లమీద పడి, "అక్క పోయేటప్పుడే ఏరు దాటలేదు బావా. జ్వరమొచ్చి ఆ గట్టునే కన్నుమూసింది" అని బావురుమన్నది. నాగోజు ఆమెను లేవదీసి, దోసిట నీరు పోశాడు. మర్నాడు కూడా వచ్చి బుగ్గ దగ్గర నిలబడ్డాడు. బతికినన్నాళ్లూ నిలబడ్డాడు.

ఆ బుగ్గకే కన్నుతెడ్డు తీర్థమని పేరు. నేటికీ ఆ కోన వడ్రంగులు ముడి ఊడిన పనసకర్ర దొరికితే తల్లికని దాచి ఉంచుతారు; అక్కడ తీర్థమిచ్చేది కన్నమున్న తెడ్డుతోనే. దూరమైనవారికోసం మొక్కుకునేవారు దూరాభారమనక వస్తుంటారు. వచ్చినది ఎవరైనా సరే, అర్చకుడు దోసిట నీరు వంపేముందు ఒక్క క్షణం ఆగి, వారి ముఖంలోకి చూస్తాడు.