ఊడ్చేసిన ఊపిరి

యంత్రం సిద్ధమైంది, జుబేదా మేడం మాత్రం ఇంకా సరేననలేదు. అదీ వినీల్ బాధ.

ఆపదలో ఉన్న ఆడవాళ్లు ఫోన్ చేసే హెల్ప్‌లైన్ కోసం మేడం దగ్గర చదువుకుంటూ అతను తయారుచేసిన యంత్రం అది. ఫ్యాను హోరు, కుక్కర్ విజిలు, దగ్గు, అన్నీ ఏరి పారేస్తుంది. మాటలు మాత్రం ఉంచుకుని, ఆపద ఉందో లేదో తేలుస్తుంది. ఈ ఉదయం నుంచే పరీక్షగా నడుస్తోంది.

"మనుషుల చెవికంటే నయం మేడం. విసుక్కోదు," అన్నాడు వినీల్.

"ఆడదాని మాట విసుక్కోకుండా వినడానికి చివరికి యంత్రం కావాల్సొచ్చిందన్నమాట. ఏదీ, ఇప్పుడొచ్చిన ఫోనొకటి వినిపించు."

వినిపించాడు. ఒకావిడ గొంతు, కడిగిన గాజులా ఉంది.

"పొరపాటున నొక్కానండీ. ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నా. అంతా బాగానే ఉంది."

ఆపద లేదని తేల్చి యంత్రం ఫోను పెట్టేసింది.

"పారేసిందేది?" అడిగింది మేడం.

"అదంతా చెత్త మేడం."

"ఇల్లు ఊడ్చేవాళ్లం నాయనా. చూడకుండా చెత్త పారబొయ్యం."

లాబులో బయటి చప్పుడు చొరని గది ఒకటుంది. అందులో కూచుంటే ఎవరి గుండె వాళ్లకి వినబడుతుంది. వినీల్‌ని అక్కడ కూచోబెట్టి, దీపం ఆర్పి, తనూ పక్కనే కూచుని ఆ చెత్తని స్పీకర్లో పెట్టింది.

ఫ్యాను. ఎక్కడో గిన్నె. ఆ తర్వాత ఊపిరి, నింపాదిగా.

"ఆవిడ ఊపిరి," అన్నాడు.

మేడం మాటల్నీ చెత్తనీ మళ్లీ కలిపి, వచ్చిందొచ్చినట్టు వినిపించింది.

"ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నా," అంటోంది గొంతు. ఆ మాటల కిందే, తొణక్కుండా, పొడుగ్గా ఒక శ్వాస లోపలికి పోతోంది.

"ఆ మాట నువ్వను," అంది మేడం. "ఊపిరి లోపలికి పీలుస్తూ."

ప్రయత్నించాడు. మాట రాలేదు, గొంతులో ఏదో గీసుకుంది.

అయితే ఆ ఊపిరి ఇంకెవరిదో. ఆ ఊపిరి ఫోనుకి ఆవిడ నోరంత దగ్గరగా ఉంది. చటుక్కున లేచాడు.

"ఆవిడకి ఫోన్ చేస్తా మేడం. నంబరుంది."

"చెయ్యి. వాడూ వింటాడు."

వినీల్ ఆగిపోయాడు.

"ఆ ఇంటికి మనుషుల్ని పంపమని హెల్ప్‌లైన్ వాళ్లకి చెప్పు."

బయటికి పరిగెత్తి చెప్పొచ్చాడు. బయల్దేరామన్నారు. తలుపు సగం తెరిచి, కబురు కోసం ఇద్దరూ ఆ చీకట్లోనే కూచున్నారు. కబురు రాలేదు.

ఊపిరి మాత్రం వినబడుతూనే ఉంది. నింపాదిగా, చెవి పక్కనే.

"మేడం, స్పీకర్ ఆపెయ్యండి."

"ఆపి చాలాసేపైంది."

వినీల్ ఊపిరి బిగబట్టాడు. ఆ ఊపిరీ దాంతోపాటే ఆగిపోయింది.