మళ్లీ రమ్మన్న కెమెరా

లోకం ఉత్తరాన అయిపోయే చోట ఒక ఊరుంది. ఊరి ముందు సముద్రం, సముద్రం మీద మంచు. చేపలు మంచు కింద ఉంటాయి కాబట్టి మనుషులు మంచు మీదికి వెళ్తారు. వెళ్లనివాళ్లు ఇంట్లో కూర్చుని వెళ్లినవాళ్ల గురించి మాట్లాడుకుంటారు.

అక్కడొక ఆచారం ఉంది. మనిషి మంచు మీదికి బయల్దేరగానే ఇంట్లోవాళ్లు కిటికీలో దీపం పెడతారు. దాన్ని ఇంకెవరూ ఆర్పకూడదు. తిరిగొచ్చిన మనిషే, బూట్లు విప్పి గుమ్మం దగ్గర పెట్టి, నోటితో ఊది ఆర్పాలి.

ఊరి చివరి ఇంట్లో ఒక దీపం ఏళ్ల తరబడి వెలుగుతోంది. ఆ ఇంటావిడను దీపమావిడ అంటారు. ఆమె భర్త మంచు మీదికి వెళ్లాడు, రాలేదు. ఆమె నూనె పోస్తూనే ఉంది. ఒంట్లో బాగాలేని చెల్లెలు పక్క ఊరి నుంచి రమ్మని కబురు పెడుతూనే ఉంది. దీపాన్ని వదిలి ఎలా వెళ్తుంది? ఊరివాళ్లు మంచివాళ్లు. ముందు జాలిపడతారు, తర్వాతే నూనె దండగ అంటారు.

ఒక వసంతంలో టీవీవాళ్లు వచ్చారు. లోకం కొసన మనుషులు ఎలా బతుకుతారో వారం వారం చూపిస్తారట. అంతవరకూ మామూలుగా బతుకుతున్న ఊరు వెంటనే తల దువ్వుకుంది. ఊరి పెద్ద వాళ్ల నాన్న తోలుకోటు వెతికి తొడుక్కున్నాడు. బొత్తాలు అందలేదు, బలవంతాన ఒక్కటి పెట్టాడు. ఊపిరి బిగబట్టి సంప్రదాయం గురించి మాట్లాడాడు.

ఒక చేపలవాడు మంచు మీంచి ఇంటికొస్తుంటే కెమెరా మనిషి ఆపాడు. "వెలుతురు చాల్లేదు. మళ్లీ రండి."

చేపలవాడు వెనక్కెళ్లి మళ్లీ వచ్చాడు. ఈసారి కుక్క అడ్డొచ్చింది. మళ్లీ వచ్చాడు.

"పెళ్లైన కాణ్ణించి ఈయన ఇంటికి ఇన్నిసార్లు రావడం ఇదే చూడ్డం," అంది అతని భార్య. "బాబూ, ఆ కెమెరా ఇక్కడే వదిలేసి పోరాదూ?"

అందరూ నవ్వారు. దీపమావిడ నవ్వలేదు. వెళ్లి కెమెరా మనిషి ఎదుట నిలబడింది.

"వచ్చినవాళ్లనే మళ్లీ మళ్లీ రమ్మంటున్నావు నాయనా. మా ఆయన్ని ఒక్కసారి రమ్మను."

ఊరి పెద్ద పట్టిన ఊపిరి వదిలేశాడు. బలవంతాన పెట్టిన ఒక్క బొత్తం ఎగిరిపోయింది. "అక్కా, అది టీవీ," అన్నాడు.

"తెలుసు తమ్ముడూ. మా ఇంట్లోనూ ఉంది."

కెమెరా మనిషి కాసేపు కెమెరా అద్దం తుడిచాడు. అది శుభ్రంగానే ఉంది. తర్వాత అడిగాడు, "ఎటువైపు వెళ్లారమ్మా?"

ఆమె చూపించింది. అతను కెమెరాను అటు తిప్పి, చేపలవాణ్ణి పిలిచిన గొంతుతోనే పిలిచాడు. "రండి."

ఎవరూ రాలేదు. ఊరివాళ్లు ముందు మోచేతులతో పొడుచుకున్నారు. తర్వాత మానేశారు. ఎవరో టోపీ తీశారు. వేళ్లు కొయ్యబారేదాకా అతను కెమెరా ఆపలేదు.

కొన్నాళ్లకు అది టీవీలో వచ్చింది. వెచ్చని దేశాల్లో జనం బొమ్మ ఆగిపోయిందనుకుని టీవీ నెత్తిన కొట్టారు. ఇక్కడ మాత్రం ఊరంతా దీపమావిడ ఇంట్లో ఇరుక్కుని కూర్చుంది. ఎవరి టీవీ వాళ్లకుంది, అయినా వచ్చారు.

తెర నిండా మంచు. "రండి" అన్న గొంతు. ఆ తర్వాత ఏమీ లేదు. చాలాసేపటికి పొడిమంచు ఒకచోట మనిషెత్తు లేచింది, కాస్త దూరం ఇటు నడిచినట్టు కదిలి, చెదిరిపోయింది.

దీపమావిడ లేచింది. ఏళ్లుగా బిగుసుకుపోయిన కిటికీని భుజంతో నెట్టి తెరిచింది. సముద్రం మీది గాలి లోపలికొచ్చింది. దీపం ఆరిపోయింది.

ఎవరు ఆర్పారని ఎవరూ అడగలేదు. ఆ ఊళ్లో అడక్కుండా వదిలేసిన సంగతి ఇప్పటికీ అదొక్కటే.

"తమ్ముడూ," అంది ఆమె ఊరి పెద్దతో, "రేపు మా చెల్లెలి ఊరికి బండి కడతావా?"

"కడతానక్కా."

చేపలవాడి భార్య గుమ్మం దగ్గరికి వెళ్లింది. అక్కడ కుప్పగా పడున్న అందరి బూట్లూ పక్కకు జరిపి, ఇంకో జతకు చోటు చేసింది.