పై గొట్టం మీద పానా

పైడిరాజుకి ఒక అనుమానం పట్టుకుంది. అన్నం తింటున్నా అదే, స్నానం చేస్తున్నా అదే.

అతని గురువు జోగారావుగారు గాజువాకలో ఒక షెడ్డు పెట్టుకుని రేసు సైకిళ్లకు ఫ్రేములు చేస్తారు. ఇనుముతో కాదు, కార్బన్ ఫైబర్‌తో. వెంట్రుక కన్నా సన్నని పోగులను గుడ్డలా పరిచి, జిగురు పట్టించిన చుట్టలు డీప్ ఫ్రీజర్‌లో ఉంటాయి. వాటిని ముక్కలుగా కోసి, అచ్చులో పొర మీద పొర వేసి, ఓవెన్‌లో పెట్టి గట్టిపరుస్తారు.

ఆ చుట్టల్లో గ్రేడులున్నాయి. పై గ్రేడు పోగు చచ్చినా వంగదు. కాబట్టి కొద్ది పొరలతో సరిపోతుంది, ఫ్రేము తేలిగ్గా వస్తుంది. కింది గ్రేడు కొంచెం వంగుతుంది. దానికి పొరలు ఎక్కువ వెయ్యాలి, బరువూ పెరుగుతుంది. గురువుగారు పెడళ్ల దగ్గర పై గ్రేడు వేసేవారు. సీటు నుంచి హ్యాండిల్ దాకా వెళ్లే పై గొట్టానికీ, ముందు ఫోర్కుకీ వచ్చేసరికి కింది గ్రేడు చుట్ట తీసేవారు.

“గురువుగారూ, అంత మంచి సరుకు ఉండగా ఇదెందుకండీ?” అని ఒకరోజు అడిగేశాడు.

“ఇది మంచిది కాదని ఎవరు చెప్పేర్రా?”

“కింది గ్రేడు అని మీరే అంటారు కదండీ!”

ఆయన నవ్వి, చేతులు కడుక్కుని భోజనానికి వెళ్లిపోయారు. అడిగినదానికి జవాబు చెప్పడం ఆయనకి మొదటినుంచీ అలవాటు లేదు.

పైడిరాజుది మంచి చెయ్యి. అతను పొర వేస్తే ముడత కనబడదు. ఆ సంగతి అతనికి కాస్త ఎక్కువగానే తెలుసు.

ఇంతలో జ్యోత్స్న అనే అమ్మాయి వచ్చింది. అరకు ఘాట్ ఎక్కి దిగే రేసులో తొక్కబోతోంది, కొత్త ఫ్రేము కావాలంది. గురువుగారు పైడిరాజు వైపు చూశారు.

“ఇది నువ్వు చెయ్యి. ఏ చుట్ట తీస్తావో నీ ఇష్టం. బాగుంటే దాని మీద నీ పేరే రాద్దాం.”

తన పేరు! పైడిరాజుకి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కింది గ్రేడు చుట్ట జోలికే పోలేదు. ఫ్రేము మొత్తం పై గ్రేడుతోనే చేశాడు. బల్లకి బిగించి బరువులు వేలాడదీస్తే ఇసుమంతైనా వంగలేదు.

చూడ్డానికి వచ్చిన జ్యోత్స్న దాన్ని ఒక్క వేలితో ఎత్తి పకపకా నవ్వింది. “అన్నయ్యా, ఇది ఉన్నట్టా, లేనట్టా!”

పైడిరాజు కాళ్లు నేల మీద ఆనలేదు.

గురువుగారు ప్రతి అతుకునీ బొటనవేలితో తడిమి చూశారు. “పని బాగుంది,” అన్నారు, మనస్ఫూర్తిగానే. తర్వాత బల్ల మీది పానా తీసి శిష్యుడి చేతిలో పెట్టారు.

ఆ షెడ్డులో ఒక ఆచారం ఉంది. రంగు వెయ్యకముందు, ఫ్రేము చేసినవాడే దాని పై గొట్టం మీద జానెడు ఎత్తు నుంచి పానా వదలాలి. తట్టుకుంటేనే పేరు రాస్తారు. గురువుగారైతే ఎవరితోనో మాట్లాడుతూ, ఎటో చూస్తూ వదిలేసేవారు.

పైడిరాజు పానా ఎత్తాడు. వేళ్లు విడలేదు. కాస్త కిందికి దించాడు. జానెడు కాస్తా బెత్తెడైంది. అప్పటికీ వదల్లేకపోయాడు. వంగడం తెలియని పోగు దెబ్బ తగిలితే పగలడమే, పైగా పలచని గోడ. ఎన్ని పొరలు వేశాడో అతనికి తెలుసు.

“వదలరా.”

“వదులుతానండి... అయినా గురువుగారూ, రేసులో పానాలెక్కడ పడతాయండీ?”

“పానాలు పడవు గానీ అన్నయ్యా,” అంది జ్యోత్స్న మామూలుగా, “మొన్న అనంతగిరి దగ్గర దిగుతుంటే చక్రం కింద నుంచి రాయి ఎగిరొచ్చి గొట్టానికి తగిలింది. ఏం దెబ్బనుకున్నావ్!”

పైడిరాజు చేతిలో పానా అలాగే ఉండిపోయింది.

“పానా వెయ్యడానికి చేతులు రాలేదు,” అన్నారు గురువుగారు నెమ్మదిగా. “పిల్లని ఎక్కించడానికి వస్తాయేట్రా?”

పైడిరాజు పానా కింద పెట్టాడు. ఫ్రేమును స్టాండు మీద నుంచి దించి గోడకి ఆనించాడు.

“చెల్లెమ్మా,” అన్నాడు, “ఇంకొన్నాళ్లు ఆ పాత సైకిలే తొక్కమ్మా.”